కోరలే లేని జీవికి విషమెక్కడిది?

“ఈ బారెడు కాళ్ల సాలీడుకి ప్రపంచంలోకెల్లా ఘోరమైన విషం ఉంది. కోరలు మరీ పొట్టివి కాబట్టి మన చర్మంలో దిగవు. తోటలో కనిపిస్తే వెంటనే మందు కొట్టండి.” వాట్సాప్‌లో తిరిగే ఈ సందేశానికి తగిలించే ఫొటో హార్వెస్ట్‌మన్ అనే ఎనిమిది కాళ్ల జీవిది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో పెరటితోట పెంచే మనవాళ్లకి వేసవి చివర్లో గోడల మీద, కుండీల అడుగున కనిపించేది ఇదే. సందేశంలో ఒక్క ముక్క కూడా దానికి వర్తించదు.

సాలీడా? కాదు. ఎనిమిది కాళ్లున్నంత మాత్రాన తేలు సాలీడైపోదు కదా! హార్వెస్ట్‌మన్‌లది ఒపిలియోనిస్ అనే వేరే క్రమం, అందులో 6,500కు పైగా జాతులున్నాయి. తేడా తెలియడానికి భూతద్దం చాలు. సాలీడుకి తలభాగానికీ పొట్టకీ మధ్య సన్నని నడుముంటుంది. దీనికి ఒళ్లంతా ఒకటే ముద్ద, సెంటీమీటరు కూడా ఉండదు. వీపు మీద ముందువైపున చిన్న బొడిపె, దానికి అటొకటి ఇటొకటి కళ్లు, అంతే. ఎక్కువ సాలీళ్లకి ఎనిమిదుంటాయి. ఇది గూడూ అల్లలేదు, దారం తీసే గ్రంథులే లేవు. నడిచేటప్పుడు గమనించండి: అన్నిటికన్నా పొడవైన రెండో జత కాళ్లతో ముందున్నదాన్ని తడుముకుంటూ పోతుంది.

ఇక విషం. గ్రంథులూ లేవు, కోరలూ లేవు. నోటి ముందు పీత డెక్కల్లాంటి చిన్న పట్టకార్లున్నాయి, వాటితో తిండిని తుంచి ముక్కలుగానే మింగుతుంది. సాలీడైతే ఎరను కరిగించి పీలుస్తుంది. దీని ఆత్మరక్షణ ఒంటి పక్కన, ముందు కాళ్ల మొదళ్ల దగ్గరున్న గ్రంథుల్లో ఉంది. బెదిరితే వాటినుంచి ఘాటు వాసన ద్రవం వస్తుంది. చేతికంటితే సబ్బుతో కడుక్కోండి, సరిపోతుంది.

పొట్టి కోరల కథ అసలు ఇంకో జీవిది. ఇంటి మూల బూజులో తలకిందులుగా వేలాడుతూ, కదిపితే గూడంతా ఊపేసే ఫోల్సిడ్ సాలీడుది. మన ఇళ్లలో బూజుకర్రకి తగులుకునేవీ చాలావరకు ఆ కుటుంబానివే. దానికి కోరలూ విషమూ ఉన్నాయి, కానీ అది పురుగుల్ని పడగొట్టే విషం. కోరలు దిగవన్నదీ అబద్ధమే: 2004లో ఒక అమెరికా టీవీ కార్యక్రమంలో కరిపించుకుని చూస్తే కాసేపు చిన్న మంట, అంతే. ఆస్ట్రేలియాలో ఇది ప్రమాదకరమైన రెడ్‌బ్యాక్ సాలీడుని చంపి తింటుంది, అందుకే దీని విషం ఇంకా ఘోరమనే పుకారు అక్కడ పుట్టిందని ఒక ఊహ. అయితే అది గెలిచేది పొడుగు కాళ్లతో దూరం నుంచే దారం చుట్టేయగలగడం వల్ల.

మందు కొట్టమనడమే అన్నిటికన్నా చెడ్డ సలహా. యూరప్, ఉత్తర అమెరికా తోటల్లో మామూలుగా కనిపించే ఫలాంజియం ఒపిలియో అనే హార్వెస్ట్‌మన్ జాతి పేనుబంకను, ఎర్రనల్లిని, బంగాళాదుంప ఆకుల మీది కొలరాడో పెంకుపురుగు గుడ్లను తింటుంది. చచ్చిన పురుగుల్నీ వదలదు. పైరెత్రాయిడ్ రకం పురుగుమందు చల్లితే చీడతో పాటు ఇదీ పోతుంది. చలి దేశాల్లో శరదృతువులో పెట్టిన గుడ్లే తేమ మట్టిలో చలికాలం దాటుతాయి కాబట్టి, మొక్కల మొదళ్ల దగ్గర రాలిన ఆకుల్ని ఊడ్చేయకుండా ఉంచండి.

చూడాలంటే చీకటి పడ్డాక టార్చి పట్టుకెళ్లండి. కాలు పట్టి ఎత్తకండి, తెంపుకుని పారిపోతుంది. తెగిన కాలు కాసేపు గిలగిల కొట్టుకుంటుంది, దాని స్థానంలో కొత్తది మాత్రం మొలవదు. గాజు సీసా బోర్లించి, కింద నుంచి అట్టముక్క దూర్చండి. చూశాక పట్టిన చోటే వదలండి.