లైటు వెలిగింది కదా, ఇంకా పాట కూడానా?

పాత స్టీరియోల వ్యాపారంలో యంత్రం బతికి ఉందనడానికి పరీక్ష ఒక్కటే: ముందు పలకలో బల్బు వెలగాలి. వెలిగితే నోట్లు లెక్కపెట్టాలి. చెవులతో కూడా నిర్ధారించుకుంటానని పట్టుబట్టేవాడు ఆ వర్గం దృష్టిలో సంస్కారం లేనివాడు.

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక సందు దుకాణంలో ఈ పరీక్షను కళ్లారా చూసే భాగ్యం నాకు కలిగింది. కొనడానికి వచ్చినవాడు డిగ్రీ చదివే కుర్రాడు, ఇదే మొదటి బేరం. బల్ల మీద డెబ్బయ్యో దశకం నాటి జపాన్ రిసీవర్, అంటే రేడియో, ఆంప్లిఫయర్ కలిసిన పెట్టె.

"అన్నా, ఒక పాట వినిపిస్తారా?"

"స్పీకర్లు గోదాములో ఉన్నాయి తమ్ముడూ. ఆ నీలం లైటు చూడు, ఎంత బాగుందో!"

కుర్రాడు సంచిలోంచి హెడ్‌ఫోన్ తీశాడు. దీనికి లావు పిన్ను కావాలన్నాడు యజమాని. కుర్రాడు లావు పిన్ను కూడా తీశాడు. పాట ఎక్కడిదని అడిగాడు యజమాని. రేడియో ఉంది కదా, ఆకాశవాణి పెట్టమన్నాడు కుర్రాడు. యాంటెన్నా లేదట. కుర్రాడు మూరెడు వైరు ముక్క తీశాడు. యజమాని కాసేపు ఆ సంచి వైపు అనుమానంగా చూసి, గంభీరంగా ప్రకటించాడు: "కరెంటు పోయింది."

నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది. రిసీవర్‌లో నీలం లైటు నిక్షేపంగా వెలుగుతోంది. పెద్దమనిషి మాట తీసేయడం బాగుండదని మేమెవరం తల పైకెత్తలేదు.

చివరికి "కరెంటు వచ్చింది". కుడి చెవిలో పాట, ఎడమ చెవిలో పరమశాంతి. వాల్యూమ్ తిప్పితే గరగర. అది పాతకాలపు మాధుర్యమట! దానికి ధర విడిగా కట్టనందుకు మనం కృతజ్ఞులమై ఉండాలి. నాబ్ లోపల చేరిన దుమ్మును క్లీనర్‌తో కడిగితే చాలాసార్లు పోయే మాధుర్యం అది.

వాట్ల సంగతి ఎత్తకపోవడమే మేలు. మరాంట్జ్ కంపెనీ 2270 రిసీవర్ అంటే ఒక్కో చానెల్‌కు 70 వాట్లని పేరులోనే ఉంది. వాట్ల గురించి కంపెనీల గొప్పలు మరీ శ్రుతి మించితే 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాటిని ఎలా కొలవాలో నియమం పెట్టింది. ఆ నియమం ఈ సందు దాకా రాలేదు. ఇక్కడ ప్రతి పెట్టెకూ వెయ్యి వాట్లు, అడిగితే రెండు వేలు.

రికార్డు ప్లేయర్ బెల్టు జిగురై కారుతుందా? వేడికి అలాగే ఉంటుందట. స్పీకర్ అంచు ఫోమ్ ముట్టుకుంటే పొడిగా రాలుతుందా? ముట్టుకోకూడదట. ఈ పాటి అబద్ధాలను నేను క్షమించగలను. బెల్టు కొత్తది దొరుకుతుంది, ఫోమ్ మళ్లీ అతికిస్తారు.

క్షమించలేనిది వెనక పలక విషయం. అమెరికా నుంచి వచ్చిన పెట్టె మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని స్పష్టంగా అచ్చయి ఉంటుంది. మన ఇంటి ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. "ఏం కాదు, నేరుగా పెట్టెయ్" అని పిల్లవాడికి చెప్పి పంపుతారు! యాభై ఏళ్లు ఎవరో జాగ్రత్తగా వాడుకున్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ ఒక్క మాటకు కాలిపోవచ్చు. మళ్లీ అలాంటిది ఎక్కడ దొరుకుతుంది? వోల్టులు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలని చెప్పడానికి నోరెందుకు రాదు? అది పెట్టినా హెర్ట్జ్ మారదు. ఆ హెర్ట్జ్‌ను బట్టే తిరిగే సింక్రనస్ మోటారున్న రికార్డు ప్లేయరైతే నిమిషానికి 33⅓ చుట్లకు బదులు 28 దగ్గర ఈడుస్తుంది, గాయకుడికి జలుబు చేసినట్టు. ఈ సంగతులు తెలియక అమ్ముతున్నారంటే నేను నమ్మను. కాలిపోయాక పెట్టెను తిరిగి తెస్తే "నువ్వే పాడు చేశావు" అనడం మాత్రం అందరికీ కంఠస్థమే. మొదటి జీతంతోనో, ట్యూషన్లు చెప్పిన డబ్బుతోనో వచ్చిన పిల్లవాడిని దోచుకోవడం ఇది. దీన్ని బేరమని పిలవడానికి సిగ్గుండాలి.

ఆ వెనక పలక మీది అక్షరాలు మరీ చిన్నవిగా కనిపిస్తున్నాయంటే చెప్పండి, హనుమకొండలో చందాలు వసూలు చేసి కళ్లద్దాలు కొనిస్తాం.