వరంగల్ కనపడకుండా ఇల్లు ముస్తాబు చేయు విధానం

క్రిస్మస్‌కు ఇల్లు ముస్తాబు చేయడమంటే ఏమిటో మన వైపు జనానికి ఇప్పటికీ సరిగ్గా అర్థమైనట్టు లేదు. గోడలకు సున్నం వేసి, గడపకు మామిడాకులు కట్టి, నాలుగు గిద్దెల సకినాలు చుట్టుకుంటే పండుగ అయిపోయిందనుకునే కాలం ఒకటుండేది. ఆ ఇంటిని చూసినవాడెవడైనా ఇది హనుమకొండో కాజీపేటో అని ఇట్టే చెప్పేసేవాడు. లోపమంతా అక్కడే ఉంది. అలంకరణ పరమార్థం ఒక్కటే: డిసెంబర్ ముగిసేదాకా ఆ ఇల్లు వరంగల్‌లో ఉన్న సంగతి ఎవరూ కనిపెట్టకూడదు.

ఇందుకు ముందుగా కావలసింది మంచు. ఇక్కడ తెల్లవారుజామున పడే మంచు బండి సీటు తడిపి పోతుందే తప్ప నేల మీద పేరుకోదు. ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్ వైపు ఐదారు డిగ్రీలకు పడిపోయిన రాత్రులున్నాయి, అక్కడా అంతే. యేసు పుట్టిన రాత్రి బెత్లెహేములో మంచు కురిసిందని బైబిల్ సువార్తల్లో లేదు కదా అని మా చర్చి పెద్దమనిషి ఒకాయన అడ్డం వచ్చాడు. ఇట్లాంటి వాళ్ల వల్లే వ్యాపారాలు దెబ్బతింటాయి. సువార్తల్లోని ఆ ఘట్టంలో ఎద్దు లేదు, గాడిద లేదు, వచ్చిన జ్ఞానులు ముగ్గురన్న లెక్కా లేదు. లేనివన్నీ తీసేసుకుంటూ పోతే చివరికి తల్లీ తండ్రీ, తొట్టిలో బిడ్డ, కొందరు గొర్రెల కాపరులు మిగులుతారు. గొర్రెల మందలు మనకు రింగురోడ్డు మీదే కావలసినన్ని కనిపిస్తాయి, వాటి కోసం ప్రత్యేకంగా లైట్లు పెట్టాలా?

కాబట్టి మంచు కొనాల్సిందే. ప్యాకెట్లలో దొరుకుతుంది. వంద గ్రాములు 80 రూపాయలకు తెచ్చాను, అసలు సిసలు పాలిస్టర్. మొన్న పరకాల నుంచి వచ్చిన మా పెద్దమ్మ చెట్టు మీంచి ఆ మంచు కొంచెం పీకి, రెండు బొటనవేళ్ల కింద నొక్కిపట్టి లాగి చూసింది. పింజ పొడుగు చూడటం ఆమె చేతి అలవాటు. అది తెగలేదు, సాగి వేళ్లకు అంటుకుంది.

“ఇదేం పత్తి బిడ్డా?”

“పత్తి కాదు పెద్దమ్మా, మంచు.”

“కింటలెంత పడ్డది?”

లెక్కగట్టి 80,000 అని చెప్పాను. పెద్దమ్మ కొంగుతో వేళ్లు తుడుచుకుని, “తేమ ఎంతున్నదన్నరు?” అని అడిగింది.

అడగాల్సిన ప్రశ్నే. పొడుగు పింజ పత్తికి 2025-26 మద్దతు ధర కింటలుకు 8,110 రూపాయలు. అదైనా తేమ 8 శాతం దాటకుంటేనే. దాటిన కొద్దీ కోత పెడతారు, 12 దాటితే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తిలోకి తేమ చూసే మిషన్ గుచ్చి అందులో అంకె ఎక్కేదాకా రైతు ఊపిరి బిగబట్టి నిలబడాలి. అదే మంచుకైతే ఏ మిషనూ గుచ్చరు. పేరులోనే నీళ్లున్న సరుకుకు తేమ చూడకుండా దాదాపు పదింతల ధర కళ్లకద్దుకుని ఇస్తున్నాం. పత్తికి ఈ ధర ఎందుకు రాదని వాపోయేవాళ్లకు నా సలహా: తప్పు రైతులదే, వాళ్లు పత్తిని పత్తి అని చెప్పి అమ్ముతున్నారు. వంద గ్రాముల చొప్పున కవర్లలో కట్టి, మీద కొమ్ముల జింక బొమ్మ ఒకటి వేసి చూడండి. “ఇంటికాడ బోరెం నిండా పత్తి పడి ఉన్నది, తెచ్చి పరుస్తా” అని పెద్దమ్మ అన్నది గానీ నేను ఒప్పుకోలేదు. మంచులో గింజలు కనిపిస్తే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?

యేసు పుట్టిన చోటుకు గుర్తుగా కట్టే పశువుల పాక సంగతీ ఇంతే. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి నిజం ఎండుగడ్డి పరిచి, నిజం ఎద్దునూ గాడిదనూ తెచ్చి నిలబెట్టాడట. ఆయనకు ఆన్‌లైన్ ఆర్డర్ సౌకర్యం లేదు, క్షమించవచ్చు. ఆయనను ఆదర్శంగా తీసుకుని మా వెనక గల్లీ అన్న పాకకు కొత్త వరిగడ్డి కప్పు వేయించాడు. తెల్లారేసరికి ఒక బర్రె వచ్చి కప్పంతా మేసి, యోసేపు బొమ్మను పడదోసి, నింపాదిగా నెమరు వేస్తూ నిలబడింది. ఇప్పుడాయన ప్లాస్టిక్ గడ్డి పరిచాడు. బర్రె ఆ వైపు చూడటం లేదు.

లైట్ల విషయంలో మనం టెంట్ హౌస్ మీద ఆధారపడ్డ జాతి. 1882లో న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ జాన్సన్ క్రిస్మస్ చెట్టుకు 80 కరెంటు బుడ్లు కట్టాడంటే, ఆయన ఎడిసన్ కంపెనీలో పెద్ద మనిషి, బిల్లు టెన్షన్ లేదు. మనకొచ్చేవి వినాయకుడి దగ్గర వెలిగి, బతుకమ్మకు వెలిగి, రెండు పెళ్లిళ్లు చూసి అలసిపోయిన సీరియల్ సెట్లు. వాటితో పాటు టెంట్ హౌస్ తమ్ముడు గేటు కోసమని థర్మాకోల్ కాకతీయ తోరణం కూడా దించాడు. ఇన్ని తిప్పలు పడి ఊరును దాస్తుంటే ఏకంగా ఖిలానే వాకిట్లో నిలబెడితే ఎట్లా? నడిమధ్య శాంతాక్లాజ్‌ను కూర్చోబెట్టి సర్దుబాటు చేశాం. అయినా అటూ ఇటూ హంసలు పట్టించేశాయి.

అసలు ఊరును దాచకుండా చూపించే ఈ అలవాటు మప్పింది మన పక్కనున్న డోర్నకల్. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అజరయ్య 1912లో ఆ పదవిలోకి వచ్చాడు. ఇంగ్లండ్‌లో ఉన్నట్టే సూది కొనల గోపురాలతో చర్చి ఒకటి కట్టించుకోవచ్చు కదా. మండపం లాంటి స్తంభాలు, వాటి మీద తామరపూలు, పైన మసీదులకుండే తీరు గుమ్మటాలు పెట్టించి 1939లో ప్రతిష్ఠ చేయించాడు. అది ఏ దేశంలో ఉందో రైల్లోంచి చూసినవాడికి కూడా తెలిసిపోతుంది. అంత పెద్దాయనే దాచకపోతే మామూలు జనం మామిడాకులు కట్టక ఏం చేస్తారు?

ఆ చర్చికి పెట్టిన పేరు ఎపిఫనీ, అంటే జ్ఞానులు వచ్చిన జనవరి 6 నాటి పండుగ. అలంకరణ ఆ రోజుకల్లా దించేయాలని పాత ఆనవాయితీ. మా డాబా మీది స్టార్ మాత్రం దిగదు. మా మలుపులో స్తంభం లైటు కాలిపోయి చాన్నాళ్లయింది, ఈ స్టార్ వెలుగులోనే అందరూ బండ్లు పెట్టుకుంటున్నారు. శివరాత్రి దాకా స్టార్ ఉంచాలని కాలనీ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న ముక్క ఆ తీర్మానంలో ఎంత వెతికినా దొరకలేదు.