కణాలకు ఒక మూట చీనీకాయలు

మా మేనల్లుడు అనంతపురంలో ఒక ల్యాబ్‌లో ఎముక కణాలు పెంచుతుంటాడు. గార్లదిన్నె దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉన్న మా బావకు కొడుకు చేసే పని ఎప్పుడూ అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "ఏందో సీసాల్లో పెంచుతాడప్పా" అని మాట మార్చేస్తాడు.

ఉగాదికి కొన్నాళ్ల ముందు, భోజనాల దగ్గర మావాడు ఓపిగ్గా చెప్పాడు. అవి అప్పుడే పుట్టిన చిట్టెలుక పుర్రె ఎముక నుంచి ఎప్పుడో జపాన్‌లో తీసిన కణాలట. పేరు ఎంసీ3టీ3-ఈ1. (బైకు నంబరా, అంది మా అక్క.) మామూలు ద్రావణం పోస్తే తింటాయి, ప్లేటు నిండా పెరుగుతాయి. ఎముక మాత్రం పట్టదు.

"మా అన్న కొడుకు మాదిరి అన్నమాట," అన్నాడు బావ.

"అందుకే విటమిన్ సి వేస్తాం నాయనా."

ఎముకకు ముందు కొల్లాజెన్ అనే ప్రోటీన్ కావాలి. సున్నం పేరుకునేది దాని మీదే. మూడు పోగులు కలిసి గట్టిగా పేనుకుంటేనే కొల్లాజెన్. ఆ పని చేయించే ఎంజైములకు విటమిన్ సి తోడు ఉండాలి. వెనకటి నావికులకు చిగుళ్లు చెడిపోయి రక్తం కారిందీ ఈ పోగులు సరిగ్గా పడకే. ఎలుక అయితే తన కాలేయంలో విటమిన్ సి తానే చేసుకుంటుంది. ప్లేటులో ఉన్న కణాలకు కాలేయం ఎక్కడిది? మనమే పోయాలి. మూడు నాలుగు వారాలకు అలిజరిన్ రెడ్ అనే రంగు వేస్తే, సున్నం పడ్డచోటల్లా ఎర్రగా కనిపిస్తుంది.

బావ ఇదంతా వినలేదు. విటమిన్ సి దగ్గరే ఆగిపోయాడు.

"కొంటున్నారా?"

"అవును, డబ్బాలో పొడి."

చీనీ ధర పడిపోయినప్పుడు కూడా బావ ముఖంలో అంత అవమానం చూడలేదు నేను.

పండగకు మావాడు బస్సెక్కి ఊరికి వస్తుంటే, బావ ఒక మూటతో ఎదురు బస్సులో అనంతపురం పోయాడు. వాచ్‌మన్ మర్యాదస్తుడు. బయట ఎండ నలభై దాటింది కదా, కాయలు చల్లగా ఉంటాయని మూటను కణాలు పెంచే కల్చర్ రూము తలుపు పక్కనే పెట్టించాడు.

రాత్రి ఓళిగ తుంచుతూ బావ విషయం చెప్పాడు. మావాడికి పొలమారింది. "లీటరు ద్రావణానికి 50 మిల్లీగ్రాములు చాలు నాయనా, ఒక్క కాయలోనే అంత ఉంటుంది. అయినా రసం పోయకూడదు. పులుపుంటుంది, సూక్ష్మజీవులుంటాయి..."

"పులుపా? మా కాయల్లోనా?"

సూక్ష్మజీవుల మాట ఆయన చెవికి చేరనే లేదు.

పండగ, దానికి అతుక్కుని శని, ఆదివారాలు. ల్యాబ్ తెరిచేసరికి మూట అడుగున నలిగిన కాయలకు పచ్చటి బూజు. కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో ప్లేట్ల నిండా తెల్లటి దూది పోగులు. మూటలోని బూజే ప్లేట్లలోకి వచ్చిందని ఎవరూ రుజువు చేయలేదు. మూట వాసన చూసినవాళ్లకు రుజువు అవసరం పడలేదు. ప్లేట్లన్నీ బ్లీచ్‌లో పోసి, ఇంక్యుబేటర్ కడిగి, ద్రవ నైట్రోజన్‌లో దాచిన కణాలు తీసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు.

ఫోన్లో మావాడు నొప్పించకుండా చెప్పాలని చూశాడు. ఆ పొడి కూడా అంత తేలికేం కాదనీ, ద్రావణంలో కలిపితే ఇంక్యుబేటర్ వెచ్చదనానికి గంటల్లోనే చెడిపోతుందనీ, అందుకే ఫాస్ఫేట్ తగిలించిన నిలవ రకం తెప్పిస్తామనీ అన్నాడు. బావకు అదే చాలు.

"గంటల్లో చెడిపోయేదానికి దుడ్లు పోస్తారు, నాలుగు రోజులు నిలిచిన నా కాయకు పేరు పెడతారా?"

ఇప్పుడు ల్యాబ్ తలుపుకు నోటీసు అంటించారు: పండ్లు, తినే పదార్థాలు లోపలికి తేరాదు. మొన్న దానిమ్మకాయల సంచితో వచ్చిన బావ దాన్ని కళ్లజోడు పెట్టుకుని చదివి, వాచ్‌మన్‌తో అన్నాడట: "దీంట్లో సి తక్కువేలేప్పా, పెట్టుకో, ఏం కాదు."