ఆ కంప్లయింట్ రాసినాయనకి ఒక శాలువా కప్పండి

కళాపోషకులు అనగానే మనకి రాయలవారు గుర్తొస్తారు గానీ, అమెరికాలో జార్జ్ కార్లిన్ అనే స్టాండప్ కమెడియన్‌కి దొరికిన పోషకులు వేరే లెవెల్. ఒక హోటలు, పోలీసులు, కారులో వెళ్తున్న ఒక నాన్నగారు, ఆఖరికి సుప్రీంకోర్టు. వీళ్ళలో ఒక్కళ్ళకి కూడా ఇప్పటిదాకా సన్మానం జరగలేదు, నా బాధల్లా అదే.

1937లో న్యూయార్క్‌లో పుట్టిన ఈయన 60ల్లో సూటూ టై వేసుకుని టీవీలో పెద్దమనుషుల్ని నవ్వించుకుంటూ బుద్ధిగానే ఉండేవాడు. అలా వదిలేసినా సరిపోయేది. కానీ 1970లో లాస్ వేగాస్‌లో ఫ్రాంటియర్ హోటల్ వాళ్ళు స్టేజీ మీద బూతుమాట అన్నాడని ఇంటికి పంపేశారు. తెల్లార్లూ పేకాట, మందు నడిచే ఊళ్ళో మర్యాదకి భంగం కలిగిందంట పాపం. ఇహ జుట్టు పెంచాడు, గడ్డం పెంచాడు, సూటు అవతల పారేశాడు, టీవీలో అనకూడని ఏడు మాటలు అని ఒక బిట్ తయారుచేశాడు.

1972 జులైలో మిల్వాకీలో సమ్మర్‌ఫెస్ట్ అనే తిరునాళ్ళలాంటి దాంట్లో ఆ ఏడూ ఏకరువు పెట్టాడు, పోలీసులు పట్టుకుపోయారు, డిసెంబర్‌లో జడ్జి కేసు కొట్టేశాడు. ఇంత పబ్లిసిటీకి బయట ఎంత బిల్లు వేస్తారో ఏ సినిమా నిర్మాతనైనా అడగండి.

అసలు మహానుభావుడు తర్వాత వచ్చాడు. 1973 అక్టోబర్ 30, మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలప్పుడు న్యూయార్క్‌లో డబ్ల్యూబీఏఐ రేడియో వాళ్ళు అదే టైపు బిట్ ఇంకోటి వేశారు. కారులో కొడుకుతో వెళ్తూ ఒకాయన విన్నాడు. రేడియోకి ఒక మీట ఉంటుంది, తిప్పితే నోరు మూస్తుంది, ఆ సంగతి ఆయనకి తెలీదని నేననను. కొన్ని వారాలాగి మరీ ఎఫ్‌సీసీకి, అంటే అక్కడ రేడియో టీవీల మీద పెత్తనం చేసే సర్కారు సంస్థకి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం అక్కడా ఇక్కడా తిరిగి తిరిగి 1978లో సుప్రీంకోర్టులో తేలింది, 5-4తో సర్కారే గెలిచింది. పిల్లలు వినే టైములో ఇలాంటివి వేస్తే చర్య తీసుకోవచ్చన్నారు.

బాగుంది కదా. మరి తీర్పు చివర ఏం జతచేశారనుకున్నారు? ఆ బిట్ మొత్తం, అక్షరం పొల్లుపోకుండా, జనం నవ్విన చోటల్లా నవ్వులు అని కూడా రాసి అచ్చేశారు! పిల్లల చెవిన పడకూడదన్న మాటలు లా చదివే పిల్లల పాఠంలోకి ఎక్కాయి. మన టీవీలో బీప్ పడగానే ఇంట్లో అందరూ మనసులో ఖాళీ పూరించుకుంటాం చూడండి, వాళ్ళు ఆ శ్రమ కూడా లేకుండా చేశారు.

పైగా ఆ తీర్పు కేబుల్ టీవీకి తగల్లేదు. ఈయన తాపీగా 1977 నుంచి 2008 దాకా హెచ్‌బీవో అనే కేబుల్ ఛానల్లో 14 కామెడీ స్పెషల్స్ చేసుకున్నాడు. 2008 జూన్‌లో పోయాక హాస్యానికిచ్చే మార్క్ ట్వెయిన్ ప్రైజ్ కూడా ఇచ్చారు, ఆయనకే, ఉత్తరం రాసినాయనకి కాదు.

అన్నట్టు ఈయన నటుడు కూడా. సినిమాల్లో చేసినవి ఎక్కువ చిన్న వేషాలే, వాటి జోలికి పోను. 1991 నుంచి మాత్రం పిల్లల టీవీ ప్రోగ్రాంలో మూరెడు ఎత్తు రైల్వే కండక్టర్‌గా వచ్చి థామస్ అనే రైలింజన్ కథలు చెప్పేవాడు, అదే గొంతుతో, అదే నోటితో, పిల్లలు బుద్ధిగా టీవీ ముందు కూర్చుని వినేవాళ్ళు.