మహారాజశ్రీ ప్రొఫార్మా గారికి, పద్నాలుగో గడి విషయమై

మహారాజశ్రీ ఆరునెలల పురోగతి నివేదిక ప్రొఫార్మా గారి దివ్యసముఖమునకు, చరిత్ర శాఖ పరిశోధక విద్యార్థిని నమస్కరించి వ్రాయు విన్నపములు. ఉభయ కుశలోపరి.

ఉభయ కుశలం అన్నది అలవాటు కొద్దీ రాశాను. తమరు కుశలమేనని తెలుస్తూనే ఉంది. కిందటి సెమిస్టర్‌లో ఏడు పేజీలుండేవారు, ఇప్పుడు తొమ్మిదికి వచ్చారు. ఒళ్లు చేశారు. నా సంగతంటారా, నిన్న పొద్దున పదకొండింటికి తమరిని మూడు సెట్లు తీయించి, గైడ్ గారి సంతకం, శాఖాధిపతి గారి సంతకం, దాని పక్కన గుండ్రటి ముద్ర, అన్నీ చేయించుకుని సెక్షన్‌కి వచ్చాను. సాయంత్రం ఐదుంబావుకి అవే మూడు సెట్లు చంకన పెట్టుకుని హాస్టల్‌కి నడిచాను. మధ్యలో ఏం జరిగిందో తమకు తెలియనిది కాదు. పద్నాలుగో గడి.

"శాంపిల్ సైజ్: కనీసం 30 ఉండవలెను. తక్కువైనచో కారణములు 200 పదములకు తగ్గకుండా జతచేయవలెను."

నేను 1 అని రాశాను.

అబద్ధమాడలేదు స్వామీ. నా థీసిస్ మొత్తంలో పదకొండు శాసనాలున్నాయి. ఈ ఆరునెలలూ మాత్రం ఒక్కదానితోనే కాపురం. రాయలసీమలో ఒక వేరుశనగ చేను గట్టున, బోరు పక్కన, ముక్కాలు భాగం మట్టిలో కూరుకుపోయి ఉంది. పైన కత్తి పట్టుకున్న వీరుడి బొమ్మ, కింద పన్నెండు వరుసలు. ఎక్కడా అచ్చయిన దాఖలా నాకు దొరకలేదు. నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి తవ్వించి కడిగేసరికే పొద్దుపోయింది. రెండోసారి కాగితం తడిపి రాతి మీద పరిచి, బ్రష్షుతో తడుతూ అక్షరాల గుంటల్లోకి దింపుతుంటే గాలి లేచి కాగితం కాస్తా పోయి కంపచెట్టుకు తగులుకుంది. మూడోసారి కుదిరింది. కాగితం సగం ఆరాక సిరా గుడ్డతో మెల్లగా అద్దుతుంటే, నల్లటి కాగితం మీద తెల్లగా ఒక్కో అక్షరం పైకి వచ్చింది. ఆ క్షణంలో పక్కన నిలబడి చూస్తున్న రైతు "ఓర్నీ, మా నాయన కాలం నుంచి దీని మీదనే గుడ్డలుతుకుతుండామే" అన్నాడు. నాలుగోసారి తెల్లవారుజామున వెళ్లాను. ఎండ ఏటవాలుగా పడితేనే అరిగిన గీతలు కనిపిస్తాయి. ఏడున్నర దాటితే మళ్లీ బండరాయే.

ఇదంతా తమరి గడిలో 1.

"ఒకటేంటమ్మా, ముప్పై వేసుకొచ్చేయండి" అన్నారు సీనియర్ అసిస్టెంట్ గారు, చాలా మర్యాదగానే. "నాది ఒక్కటే రాయి సార్" అన్నాను. "మన దగ్గర రాళ్లకేం కరువమ్మా!" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కారణాలు 200 పదాలు కావాలన్నారు కదా అని అక్కడే బెంచీ మీద కూర్చుని 212 రాశాను. పన్నెండు పదాలు కొసరు. అప్పుడు తెలిసింది, ఆ కాగితం మీద స్టాటిస్టిక్స్ శాఖ వారి అభిప్రాయం కూడా ఉండాలని. ఆ సంగతి తమరి తొమ్మిదో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉందట. పరుగెత్తాను. ఆ ప్రొఫెసర్ గారు చదివి హాయిగా నవ్వారు. "ముప్పై అన్నది దేవుడు చెప్పింది కాదమ్మా. ఒక గుంపులోంచి ఇష్టమొచ్చినట్టు కాకుండా పద్ధతిగా కొందరిని ఏరి, వాళ్ల సగటుతో గుంపు మొత్తం గురించి మాట్లాడాలంటే వాడుకునే మోటు లెక్క. నీ రాయి ఏ గుంపుకీ ప్రతినిధి కాదు. అది అదే" అన్నారు. ఆ ముక్కే రాసి సంతకం పెట్టమన్నాను. తాను నా సలహా సంఘంలో సభ్యుడిని కానని, పెట్టడం పద్ధతి కాదని అన్నారు. పెద్దమనిషి. టీ మాత్రం తాగించారు.

వరండాలో నేనొక్కదాన్నే అనుకున్నాను మొదట. కాదు. తమరి దర్బారులో విశ్వవిద్యాలయం మొత్తం కొలువుదీరి ఉంది.

జువాలజీ అబ్బాయి ఈగల మీద పనిచేస్తాడు. అరటిపండు చుట్టూ మూగే చిన్న ఈగలు. పాతిక డిగ్రీల దగ్గర పది రోజుల్లో గుడ్డు నుంచి ఈగ వరకు కథ ముగుస్తుంది. ఆడ ఈగ బయటికొచ్చాక ఎనిమిది గంటల్లోపు మగవాటి నుంచి వేరుచేయకపోతే సంకరాల లెక్క మొత్తం గంగలో కలుస్తుంది. అందుకని అతను రాత్రి పదకొండుకీ తెల్లవారి ఆరుకీ ల్యాబ్‌లోనే ఉంటాడు. నిన్న కూడా గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. అతని శాంపిల్ సైజ్ 2,400. గడికి సంతోషమే. కానీ పదిహేడో గడి "శాంపిల్ వారి సమ్మతి పత్రాలు జతచేయబడినవా" అని అడుగుతోంది. వర్తించదు అని రాస్తే తిరిగొచ్చింది, అవునో కాదో తేల్చమని. "కాదు" అని రాయడానికి ధైర్యం చాలక నిలబడి ఉన్నాడు. "అక్కా, నీకో ముప్పై ఈగలు అప్పిస్తాను, నీ రాయితో నా సమ్మతి పత్రాల మీద వేలిముద్ర వేయించు" అన్నాడు. అంతసేపట్లో నేను నవ్వింది అప్పుడే.

లింగ్విస్టిక్స్ అమ్మాయి సాలూరు పక్క కొండ ఊళ్లలో గదబ గిరిజనుల మాటలు సేకరిస్తోంది. తనకు పాటలూ మాటలూ ఓపిగ్గా చెప్పే ముసలమ్మలు ఐదుగురు. తమరికేమో ఒక్కొక్కరి విద్యార్హత, ఈమెయిల్ కావాలి. బోటనీ వాళ్లది కంది పంట, వెర్రి తెగులు. ఆ పేరు ఇప్పుడు తమరి మీద వాడుతున్నారని విన్నాను. కంది చేతికి రావడానికే ఐదారు నెలలు, వాన మొహం చాటేస్తే ఏడాదంతా గాలికి. తమరు మాత్రం ఆరునెలలకోసారి "సాధించిన ప్రగతి శాతంలో" అంటారు.

శాతం అంటే గుర్తొచ్చింది. లెక్కల శాఖలో ఒకాయన ఉన్నారు, నాకంటే రెండేళ్లు సీనియర్. సిద్ధాంతం రుజువైతే నూరు, కాకపోతే సున్నా. 65 శాతం రుజువైన సిద్ధాంతం అనేది ఎక్కడా ఉండదు. ఫెర్మా చివరి సిద్ధాంతం మీద ఆండ్రూ వైల్స్ అనే లెక్కలాయన ఏడేళ్లు ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాడు. 1993 జూన్‌లో అయిపోయిందన్నాడు, అందులో తప్పు బయటపడింది, 1994 సెప్టెంబరులో సరిచేశాడు, 1995లో అచ్చయింది. ఆయన ఇక్కడ చేరి ఉంటే రెండో ఆరునెలలకే రిజిస్ట్రేషన్ రద్దు. మా సీనియర్ "ఉపయోగించిన పరికరాలు" గడిలో "పెన్ను" అని రాశారు. కొటేషన్లు, కొనుగోలు బిల్లు జతచేయమని వెనక్కి పంపారు.

అయిదు నిమిషాల్లో పని ముగించుకున్నది ఒక్కరే. మేనేజ్‌మెంట్ అమ్మాయి, మా హాస్టలే, చక్కటి పిల్ల. ప్యాకెట్ పాలు కొనేవారి సంతృప్తి మీద చేస్తోంది. ప్రశ్నావళి, ఐదు మెట్లు, "పూర్తిగా ఏకీభవిస్తాను" నుంచి "అస్సలు ఏకీభవించను" దాకా. శాంపిల్ 300. గడి దగ్గర సీనియర్ అసిస్టెంట్ గారి మొహం వెలిగిపోయింది. ఆ మూడొందల మందిలో ఓ నలభై మంది మా హాస్టల్ రెండో అంతస్తులోనే ఉంటారు. ఒకరోజు రాత్రి మెస్‌లో నేనే మూడు పూరించాను. ఒకదాంట్లో నేను యాభై రెండేళ్ల గృహిణిని, ఇద్దరు పిల్లలు, పాలు చిక్కగా లేవని అసంతృప్తి. ఆ పిల్లనేమీ అనను. పెళ్లి ముహూర్తం తోసుకొస్తోంది, తమరేమో ముప్పైకి తగ్గితే ఒప్పుకోరు. లేని గృహిణిని ఒప్పుకుంటారు. ఉన్న రాయిని ఒప్పుకోరు.

మరొక చిన్న మనవి, కాపీ చూసే సాఫ్ట్‌వేర్ గారు తమకు బంధువులని విన్నాను. వారికి ఇంగ్లీషు అధ్యాయం ఇస్తే శాసనంలోని బిరుదులు మరెవరి వ్యాసంలోనో ఉన్నాయని పట్టుకున్నారు. అవి చెక్కించిన రాజు ఇద్దరికీ ఒకడే మరి. తెలుగు అధ్యాయం పాత ఫాంట్‌లో డీటీపీ చేయించి ఇస్తే సున్నా శాతం అన్నారు. వారికి అందులో ఒక్క అక్షరం కూడా కనబడలేదు. ఉంటాను, వారిని అడిగానని చెప్పండి.

తమరి పుట్టుపూర్వోత్తరాలు కూడా చూశాను. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అదే యూజీసీ వారి 2022 పిహెచ్.డి. నిబంధనలు తిరగేశాను. ప్రతి సెమిస్టర్‌కీ స్కాలర్ సలహా సంఘం ముందు హాజరై తన పని గురించి చెప్పాలి, సంక్షిప్త నివేదిక ఇవ్వాలి. అంతే. సంక్షిప్తం అన్నారు. తొమ్మిది పేజీలనలేదు, ముప్పై అనలేదు, ఈగల సమ్మతి అనలేదు. సలహా సంఘం ముందు నేను పోయిన వారమే మాట్లాడాను, ముగ్గురూ బాగుందన్నారు, లిపిని బట్టి కాలం తేల్చే చోట ఇంకొంచెం జాగ్రత్త అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారి తమరు.

మా శాఖలో గోడకి పాత స్కాలర్ల పేర్లున్న బోర్డు ఒకటుంది. దాని కింద కూర్చుని నాకు పిచ్చి ఆలోచనలు వస్తుంటాయి. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాలు సేకరించి 1956లో ఉస్మానియా నుంచి పిహెచ్.డి. పట్టా తీసుకున్నారు. తిరగలి దగ్గరి పాటకి శాంపిల్ సైజ్ ఎంత వేయాలి? పాడినామె ఒక్కతే, అవునా? కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళుల శాసనం, సుమారు 575 నాటిది, తెలుగులో మనకు దొరికిన మొట్టమొదటి వాటిలో ఒకటి. దానికి తోడుగా అదే కాలానివి మరో ఇరవై తొమ్మిది తెచ్చి చూపిస్తే గాని తెలుగు పుట్టిందని ఒప్పుకోరా తమరు?

ఇంతవరకూ మర్యాదగానే రాశాను. ఇక రాయలేను.

నిన్న నాలుగున్నరకు, నేను నీ తొమ్మిదో పేజీలో చీమలు వెతుకుతుంటే, ఆ రైతు ఫోన్ చేశాడు. "పాపా, మోటారు షెడ్డు కడుతుండాం. బేల్దారి మేస్త్రి ఆదివారం వస్తాడు. ఆ రాయి పునాదికి బాగుంటాదంటున్నాడు. నువ్వొచ్చి చూసుకునేది ఏమైనా ఉంటే తొందరగా రా." పురావస్తు శాఖ వాళ్లకో ఇంకెవరికో ఉత్తరం రాయమని నేను చెప్పాలి, రాసేలోపు సిమెంటు పడిపోతుంది. కింది మూడు వరుసలు ఇంకా చదవలేదు. మట్టి లోపల ఇంకో రెండున్నాయేమో. నిన్న మధ్యాహ్నం ఒంటిగంట బస్సు పట్టుకుని ఉంటే నిన్న సాయంత్రం ఎండలో చూసేదాన్ని. ఎక్కడున్నాను? నీ ముందు. నీ గడి ముందు. ఒకటికి ఒకటే ఎందుకయిందో 212 పదాల్లో సంజాయిషీ రాస్తూ. నువ్వు మా ఫెలోషిప్‌కి తాళం చెవివి కాబట్టి, నువ్వు ఇన్‌వర్డ్ అయ్యి నంబరు పడితే గాని నెలకి వచ్చే ముప్పై ఏడు వేలు కదలవు కాబట్టి, ఈగలవాడూ, కందిచేనువాడూ, నేనూ నీ ముందు చేతులు కట్టుకుని నిలబడతాం. ఆ రాయి పునాదిలోకి పోతే అప్పుడు నా శాంపిల్ సైజ్ సున్నా. దానికెన్ని పదాలు రాయాలో ఇప్పుడే చెప్పు.

సరే. కోపం తగ్గింది. ఒక సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

ఐదింటికి గుమాస్తాలందరూ సంచులు సర్దుకుంటుంటే, సీనియర్ అసిస్టెంట్ గారు "అసలేం రాయమ్మా అది, చూడనీ" అన్నారు. గొట్టంలోంచి కాగితం తీసి ఆయన బల్ల మీద, తమరి మూడు సెట్ల మీదే పరిచాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వంగి, మొదటి వరుస మీద వేలు నడిపించారు. "స్వ... స్తి... శ్రీ" అన్నారు. తలెత్తి చూశారు. "నాకే చదవొస్తోందేంటి!" అని అటెండర్‌ని పిలిచారు. ఇద్దరూ కలిసి మూడో వరుస దాకా వెళ్లారు, సగం తప్పులతోనే. పేరుందా ఇతనిది, ఎవరితో యుద్ధం, పశువుల కోసమేనా అని అడిగారు. పశువుల మందని కాపాడబోయి చచ్చిపోయాడని తెలుస్తోంది, పేరు కింది వరుసల్లో ఉండొచ్చు అన్నాను. "అయ్యో పాపం" అన్నారు, నిన్న రాత్రి పోయినవాడి గురించి అన్నట్టు. ఆ ఐదు నిమిషాలూ పద్నాలుగో గడి ఎవరికీ గుర్తులేదు.

తర్వాత ఆయన కాగితాన్ని నాకంటే జాగ్రత్తగా చుట్టి గొట్టంలో పెట్టి, కళ్లజోడు దించుకుని, "బాగుందమ్మా. చాలా బాగుంది. కానీ ఒకటి అంటే డీన్ ఆఫీసులో ఆపేస్తారు" అన్నారు. సోమవారం రమ్మన్నారు. అక్షరాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి ఆ అంకె వేసుకురమ్మని, తనకు తోచిన దారి తనే చెప్పారు కూడా. రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. స్పష్టంగా ఉన్నవి 146. అరిగిపోయినవి కలిపితే ఎంతో కింది మూడు వరుసలూ చూస్తే గాని తెలియదు.

కనుక విన్నవించునది ఏమనగా, సోమవారం తమరి దర్శనానికి రాలేను. రేపు తెల్లవారి నాలుగున్నర బస్సుకు బయలుదేరుతున్నాను. కాగితం, బ్రష్షు, సిరా, తాటాకు చాప సర్దుకున్నాను. నోటుబుక్కు నిండిపోయింది, దుకాణం మూసేశారు. తమరి మూడు సెట్లు, ఇరవై ఏడు పేజీలు, వెనకవైపంతా తెల్లగా ఉంది. పాఠం ఎత్తిరాసుకోవడానికి అట్టకు క్లిప్పు పెట్టి అవే తీసుకెళ్తున్నాను.

ఇట్లు,
తమ పరిశోధక విద్యార్థిని