సవరణ: ‘మూస’ మాట పుట్టుక గురించి

‘మూస’ గురించి పోయిన వారం రాసినదాంట్లో ఒక తప్పు దొర్లింది. ‘మూయు’ క్రియ నుంచే ‘మూస’ వచ్చిందని, రెండు చెక్కల్ని మూసి పోత పోస్తారు కాబట్టి ఆ పేరని రాశాను. అది సరికాదు.

‘మూస’ సంస్కృతంలోని ‘మూషా’కు తద్భవం. విషం విసమైనట్టు, భాష బాసైనట్టు, ఇక్కడా ష పోయి స వచ్చింది. మరాఠీలో కూడా ఈ మాట ‘మూస్’గా ఉంది. కాబట్టి మన ‘మూయు’తో దీన్ని ముడిపెట్టడానికి ఆధారం లేదు. మూషా అంటే లోహాన్ని కరిగించే మట్టిపాత్ర. లోహాలు, రసవాదం గురించిన పాత సంస్కృత గ్రంథం రసరత్నసముచ్చయంలో వజ్రమూష, గోస్తనీమూష అంటూ రకరకాల మూషలు కనిపిస్తాయి. అంటే మొదట అది కరిగించే పాత్ర. పోతపోసే అచ్చు అనే అర్థం ఆ తర్వాతిది. ‘మూస కథలు’, ‘మూసలో పోసినట్టు’ అని అన్నీ ఒకేలా ఉండటాన్ని చెప్పే వాడుక ఆ అచ్చు నుంచి వచ్చింది.

‘మూస ఉంటే ఎన్ని పోసినా ఒకటే’ అని కూడా రాశాను. అన్ని మూసలకూ అది వర్తించదు. ఆదిలాబాద్‌లో డోక్రా అనే ఇత్తడి బొమ్మలు చేసే పనివాళ్లు మట్టి బొమ్మ మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే ఆ మూస పగలాల్సిందే. అందుకే అచ్చంగా అలాంటిదే మరో బొమ్మ రాదు. ఈ సంగతి మొదటే రాయాల్సింది, నన్ను మన్నించండి.