హాజరు పట్టీలో సుపరిపాలన

2024 మే 31న ఆంధ్రప్రదేశ్‌లో ఐపీఎస్ అధికారి ఏబీ వెంకటేశ్వరరావు ప్రింటింగ్, స్టేషనరీ కమిషనర్‌గా బాధ్యతలు చేపట్టారు. ఆ సాయంత్రమే పదవీ విరమణ చేశారు. డీజీ స్థాయి అధికారి నాలుగేళ్లకు పైగా సస్పెన్షన్లతో, కోర్టులతో పోరాడి సాధించుకున్నది ఒక్కరోజు పోస్టింగు! ఆయన్ను సస్పెండ్ చేసిన వైకాపా ప్రభుత్వం పోయింది. తెదేపా కూటమి కొత్త సర్కారు వచ్చిన రెండు నెలలకే, పోస్టింగ్ లేని 16 మంది ఐపీఎస్‌లు రోజూ ఉదయం పదింటికి డీజీపీ కార్యాలయానికి వచ్చి, వెయిటింగ్ హాలులో కూర్చుని, సాయంత్రం సంతకం పెట్టి వెళ్లాలని మెమో వెలువడింది. నిన్న కక్ష సాధింపని గగ్గోలు పెట్టినవారే నేడు ఆ పని చేశారు. నిన్న చేసినవారు నేడు గగ్గోలు పెడుతున్నారు.

ఎన్నికైన ప్రభుత్వానికి తనకు నచ్చిన అధికారులను ఎంచుకునే హక్కు ఉంది, కాదనం. తప్పు చేసినవారిపై విచారణ జరపాల్సిందే. కానీ విచారణ వేరు, వేధింపు వేరు.

కొన్ని దేశాల్లో ప్రభుత్వాలు ఎందుకు బాగా పనిచేస్తాయో వెతకడానికి ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు. 2024 జులైలో బ్రిటన్‌లో పద్నాలుగేళ్ల తర్వాత అధికారం చేతులు మారింది. మంత్రులంతా మారారు, పాత మంత్రుల దగ్గర పనిచేసిన శాశ్వత కార్యదర్శులే కొత్తవారికి ఫైళ్లు అందించారు. 35 వర్ధమాన దేశాలను పరిశీలించి పరిశోధకులు ఇవాన్స్, రాచ్ 1999లో ప్రకటించిన అధ్యయనమూ ఇదే చెప్పింది: ప్రతిభను బట్టి నియామకం, నిలకడైన ఉద్యోగ జీవితం ఉన్నచోట ఆర్థిక వృద్ధి మెరుగ్గా ఉంది. మనం పోటీ పరీక్షను బ్రిటన్ నుంచే తెచ్చుకున్నాం. విచారణ లేకుండా తొలగించకుండా ఉద్యోగానికి రాజ్యాంగం 311వ అధికరణ రక్షణ ఉంది, కూర్చున్న కుర్చీకి లేదు. బదిలీలను సిఫార్సు చేసే సివిల్ సర్వీసెస్ బోర్డులు పెట్టండి, కనీస పదవీకాలం ఇవ్వండి అని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2014లో ఒక పోస్టులో కనీసం రెండేళ్లు ఉంచాలన్న నిబంధన వచ్చింది. కాగితం మీదే ఉంది.

ఒకరు వేసిన దారిలో మరొకరు నడిస్తే అది రివాజవుతుంది. మాకు భయం అదే. అయిదేళ్లకోసారి ఎవరి పక్షాన ఉండాలో లెక్కలేసుకునే కలెక్టరు నిబంధన చూసి సంతకం చేయడు, గాలివాటం చూసి చేస్తాడు. కాలువ పనుల బిల్లు, భూమి రికార్డు, ఆస్పత్రి మందుల కొనుగోలు అన్నీ ఆ సంతకం కోసమే ఎదురుచూస్తుంటాయి.

బోర్డు సిఫార్సు లేకుండా జరిగిన ప్రతి ముందస్తు బదిలీకీ కారణం ప్రజల ముందు పెట్టండి. పెట్టలేకపోతే సుపరిపాలన మాట ఎత్తకండి. రేపు మీరు ప్రతిపక్షంలో కూర్చున్నాక, మీరు మెచ్చిన అధికారుల ముందుకు అదే హాజరు పట్టీ వచ్చిననాడు, ప్రజాస్వామ్యం ఖూనీ అయిందంటూ మా దగ్గరికి రాకండి.